ఇంటర్న్‌షిప్ రిజిస్టరులో కొట్టివేతలు

మార్చి నెల సగం దాటేసరికి మా ఎలక్ట్రికల్ విభాగంలో ఇంటర్న్‌షిప్ దరఖాస్తుల హడావుడి మొదలవుతుంది. విజయనగరం జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతూ, దానితోపాటు మా విభాగం విద్యార్థుల ఇంటర్న్‌షిప్ వ్యవహారాలు కూడా కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. ఎవరు ఎక్కడికి వెళ్లాలనుకున్నారు, చివరికి ఎక్కడికి వెళ్లారు అన్న రెండు వివరాలూ మా రిజిస్టరులో పక్కపక్క గడుల్లో ఉంటాయి. అబ్బాయిల వరుసల్లో ఆ రెండు గడుల్లోనూ చాలావరకు ఒకే పేరు కనిపిస్తుంది. అమ్మాయిల వరుసల్లో మాత్రం మొదటి గడిలో విశాఖ ఉక్కు కర్మాగారమనో, హిందుస్థాన్ షిప్‌యార్డనో, పైడిభీమవరంలోని మందుల కంపెనీ అనో రాసి, రెండో గడికి వచ్చేసరికి దాన్ని కొట్టివేసి ‘ఆన్‌లైన్’ అని రాసినవి కనిపిస్తాయి. అందరివీ అలా ఉండవు గాని, గమనించక తప్పనన్ని ఉంటాయి. ఆ కొట్టివేతల వెనుక మార్కుల కొరత లేదు. కంపెనీ వద్దనడం కూడా చాలాసార్లు లేదు. అనుమతి పత్రం చేతికి వచ్చాక, ఇంట్లో మాట్లాడాక జరిగిన మార్పులవి.

నిబంధనల మాట ముందు చెప్పాలి. మన రాష్ట్రంలో 2020–21లో చేరిన బీటెక్ విద్యార్థుల నుంచి అమలైన ఆర్20 నియమావళి ప్రకారం రెండో సంవత్సరం తరువాత ఒకసారి, మూడో సంవత్సరం తరువాత మరొకసారి, ఒక్కొక్కటి దాదాపు రెండు నెలల పాటు వేసవి ఇంటర్న్‌షిప్ చేయడం తప్పనిసరి అయింది. చివరి సెమిస్టరును ప్రాజెక్టుకూ ఇంటర్న్‌షిప్‌కూ కేటాయించారు. అయితే వేసవిలో చేసేది పరిశ్రమకు వెళ్లి చేసినా, ఆన్‌లైన్‌లో చేసినా చెల్లుతుంది. కరోనా రోజుల్లో ఈ వెసులుబాటు లేకపోతే ఎవరికీ గడిచేది కాదు. ఆ రోజులు పోయాయి గాని వెసులుబాటు ఉండిపోయింది, ఉండిపోయి అమ్మాయిలను ఇంట్లో ఉంచడానికి అందరికీ అనుకూలమైన సాకుగా మారింది. కళాశాలకు క్రెడిట్ల లెక్క సరిపోతుంది, ఇంట్లోవాళ్లకు దిగులు తప్పుతుంది, అమ్మాయికి సర్టిఫికెట్టు వస్తుంది. ఎవరికీ ఫిర్యాదు లేని ఏర్పాటు కాబట్టే దాన్ని కదిలించడం కష్టంగా ఉంది.

ఆన్‌లైన్ శిక్షణను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ప్రోగ్రామింగుకు, డిజైను సాఫ్ట్‌వేరుకు అది బాగానే పనికివస్తుంది. ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్, కెమికల్ వంటి శాఖల్లో మాత్రం వీడియోలు చూసి, ప్రతి పాఠం చివర ఉన్న ప్రశ్నలకు గుర్తులు పెట్టి తెచ్చుకునే సర్టిఫికెట్టు, ఆ పిల్ల ఒక్కసారి కూడా యంత్రం ముందు నిలబడలేదన్న నిజాన్ని కప్పిపుచ్చడానికి తప్ప దేనికీ ఉపయోగపడదని నా అభిప్రాయం. ఈ మాట విభాగం సమావేశాల్లో అన్నప్పుడల్లా ‘మీరు మరీ కఠినంగా మాట్లాడుతున్నారు’ అంటారు.

యంత్రం ముందు నిలబడితే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. గత వేసవిలో మా మూడో సంవత్సరం విద్యార్థినులు ముగ్గురు జిల్లాలోనే ఒక 132 కేవీ (కిలోవోల్టుల) సబ్‌స్టేషనులో శిక్షణకు వెళ్లారు. నేను పర్యవేక్షణకు వెళ్లిన రోజున అక్కడ ట్రాన్స్‌ఫార్మరు ఆయిలు పరీక్ష జరుగుతోంది. ట్రాన్స్‌ఫార్మరులోని నూనె ఎంత వోల్టేజీ వరకు తట్టుకుని నిలుస్తుందో చూసే పరీక్ష అది. నమూనా తీయడమే ఒక విద్య. అడుగు వాల్వు తిప్పి మొదట కొంత నూనెను వదిలేయాలి, అదే నూనెతో సీసాను కడగాలి, సీసా మూతికి చెయ్యి తగలకూడదు, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున అసలు ఆ పని పెట్టుకోకూడదు. తరువాత పరీక్ష గిన్నెలో రెండు ఎలక్ట్రోడుల మధ్య ఖాళీ సరిగ్గా 2.5 మిల్లీమీటర్లు ఉందో లేదో గేజితో చూసుకుని, బుడగలు రాకుండా గిన్నె గోడ వెంట నూనెను నెమ్మదిగా పోయాలి. మూత పెట్టి, నూనె తేరుకునేదాకా ఆగి, సెకనుకు 2 కేవీ చొప్పున వోల్టేజీ పెంచుకుంటూ పోతే ఒక చోట చిటుక్కున నిప్పురవ్వ దూకి మీటరు ఆగిపోతుంది. ఆ అంకె రాసుకుని, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ చేయాలి. అలా ఆరుసార్లు చేసి సగటు తీయాలి.

ఆ రోజు గిన్నె నింపింది ఆ ముగ్గురిలో ఒకమ్మాయే. మూడో రీడింగు మొదటిదానికి బాగా పైన వచ్చింది, నాలుగోది మళ్లీ కిందికి దిగింది. తను ఏదో తప్పు చేశానేమోనని కంగారుపడి అక్కడి అసిస్టెంటు ఇంజనీరు ముఖం చూసింది. ఆయన నవ్వి, నూనె ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది తల్లీ, అందుకే ఆరుసార్లు అడుగుతాం అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్ల నాతో అన్న మాట ఇది: ‘మేడం, మన పుస్తకంలో ఆరు రీడింగుల సగటు అని ఒక్క వాక్యమే ఉందండి. ఆ ఆరూ ఇంత వేరువేరుగా వస్తాయని ఎక్కడా లేదు.’ ఆ తరువాత కళాశాలకు వచ్చిన ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశావని అడిగితే, ఈ పరీక్ష గురించీ, నమూనా సీసా సంగతి గురించీ చెప్పిందట. మిగిలిన సంభాషణ అంతా దాని చుట్టూనే తిరిగిందట. ఉద్యోగం ఆ ఒక్క జవాబు వల్లనే వచ్చిందని నేను అనను. కానీ ఎదుటివాళ్లు అడిగినదానికి పుస్తకం నుంచి కాకుండా తన చేతుల నుంచి జవాబు చెప్పిన మనిషి కూర్చునే తీరే వేరుగా ఉంటుంది. ఎదుటివాళ్లకు అది తెలిసిపోతుంది.

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక పాత ఉదాహరణ ఉంది, దాన్ని మా విద్యార్థినులకు ప్రతి ఏడూ చెబుతుంటాను. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే పెళ్లయి, పద్దెనిమిదేళ్లకే నెలల పాపతో భర్తను పోగొట్టుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. అప్పటిదాకా అమ్మాయిలు లేని ఆ కళాశాలలో తన కూతురిని చేర్చుకోవడానికి ఆయన ప్రిన్సిపాలుతోనూ, పై అధికారితోనూ మాట్లాడి అనుమతి సంపాదించారు. ఆమె 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బయటికి వచ్చారు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నాకు ఆసక్తి కలిగించేది తరువాతి సంగతి. చదువుకు తోడుగా అవసరమైన ఆచరణ శిక్షణ కోసం ఆమె బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది పాటు అప్రెంటిసుగా పనిచేశారు. 1862లో మొదలైన, ఆవిరి ఇంజన్లు విప్పి బిగించే వర్క్‌షాపు అది. మద్రాసు నుంచి జమాల్‌పూరుకు ఆ రోజుల్లో ఎన్ని రైళ్లు మారాలో, వర్క్‌షాపులో ఎందరు ఆడవాళ్లు కనిపించి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ తరువాత ఆమె సిమ్లాలో ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలోను, కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లోను పనిచేశారు. భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు.

ఈ కథ విని మా పిల్లలు మెచ్చుకుంటారు గాని, ఒకసారి వెనుక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, ‘వాళ్ల నాన్నగారు ప్రొఫెసరు కదండీ’ అంది. నిజమే. ఎవరిని అడగాలో, ఏ ఉత్తరం ఎవరికి రాయాలో తెలిసిన తండ్రి ఆమెకు ఉన్నాడు. మా విద్యార్థినుల తండ్రుల్లో వ్యవసాయం చేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, చెన్నైలో మేస్త్రీ పనికి వెళ్లినవాళ్లు ఎక్కువ. కూతురి మీద ప్రేమకు ఏ లోటూ లేదు. కర్మాగారం గేటు లోపల ఏముంటుందో వాళ్లకు తెలియదు, అడగడానికి మనిషి లేడు. సుబ్బారావు గారు తన ఇంట్లో చేసిన పనిని ఇప్పుడు కళాశాల చేయాలి. కళాశాలలు చేయడం లేదన్నదే నా ప్రధానమైన ఫిర్యాదు. పర్మిషన్ లెటరు మీద సంతకం పెట్టి ముద్ర వేయడంతో బాధ్యత తీరిందనుకుంటున్నాం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలసలు ఎంతగా ఉన్నాయో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పనక్కరలేదు. చెన్నై, హైదరాబాదు, విశాఖ నగరాల్లో లేచిన అపార్టుమెంట్లలో మన ఊళ్లవాళ్ల చెమట ఉంది, అందులో ఆడవాళ్ల చెమట సగం. భర్త వెంట వెళ్లి, పునాదుల పక్కనే రేకుల షెడ్డులో కాపురముండి, ఇసుక తట్టలు మోసి, సిమెంటు కలిపిన తల్లులు సంపాదించిన డబ్బుతో చదువుకున్న అమ్మాయిలు మా సివిల్ విభాగంలో ఉన్నారు. అదే అమ్మాయి నిర్మాణం జరిగే చోట ఇంటర్న్‌షిప్ చేస్తానంటే, సైటు ఆడపిల్లలకు మంచి చోటు కాదు, ఆఫీసులో డ్రాయింగులు చూసుకో అని సలహా ఇస్తారు. సలహా ఇచ్చేవాళ్లలో మా అధ్యాపకులూ ఉన్నారు. తట్ట మోసే తల్లికి అడ్డురాని సైటు, నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెలింగ్ యంత్రం పట్టుకున్న కూతురికి ఎందుకు అడ్డొస్తుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఇక బరువుల మాటకొస్తే, 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస ప్రాంతం మనిషే. ఈ జిల్లాల్లో కూర్చుని ఆడపిల్లలు బరువు పనులు చేయలేరని అనడానికి కాస్త ధైర్యం కావాలి.

అడ్డంకులను నేను పెద్దవి, చిన్నవి అని విడదీయను, ఎందుకంటే చిన్నవే ఎక్కువమందిని ఆపుతున్నాయి. వాటిలో అన్నిటికంటే ముందు వచ్చేది బస. చీపురుపల్లి వైపు పల్లె నుంచి బయలుదేరిన అమ్మాయి విజయనగరంలో ఒక బస్సు, విశాఖలో మరొక బస్సు మారి గాజువాక వైపు పరిశ్రమకు చేరాలంటే పూటంతా ప్రయాణానికే పోతుంది. ఉదయం 8 గంటలకు హాజరు వేయమంటే అది కుదిరే పని కాదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్టు ఛార్జీ లేకుండా పోయింది. విజయనగరం దగ్గరివాళ్లకు ఇది నిజమైన సహాయం. రోజూ వెళ్లి వచ్చే ఖర్చు చూసి మానుకునే అమ్మాయిలు ఇకమీదట కొందరైనా వెళ్లగలుగుతారు. కానీ శ్రీకాకుళం నుంచి విశాఖకు వంద కిలోమీటర్లు ఉంది. ఛార్జీ లేకపోయినా దూరం తగ్గదు. అక్కడివాళ్లకు ఎనిమిది వారాలు ఉండటానికి గది కావాలి, ప్రైవేటు లేడీస్ హాస్టళ్లలో చాలామంది అడ్వాన్సు అడుగుతారు, రెండు నెలలకు ఇవ్వమంటే మొహం చిట్లిస్తారు.

‘ఆడగుంట కదా మేడం, ఒక్కదాన్నీ అంత దూరం ఎలగ అంపుతాం?’ అని అడిగిన ఒక తండ్రికి నేను చెప్పగలిగిన జవాబు ఉపన్యాసం కాదు. ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది, ఉదయం ఏ బస్సు ఎక్కుతుంది, సాయంత్రం ఎన్ని గంటలకు గేటు బయటికి వస్తుంది, ఫోను ఎత్తకపోతే ఎవరికి చేయాలి అన్న వాటికి జవాబులు కాగితం మీద రాసి ఇస్తే ఆయన మనసు సగం మెత్తబడింది. మిగిలిన సగం, అంతకుముందు ఏడాది అక్కడే చేసి వచ్చిన సీనియరు అమ్మాయితోను, వాళ్ల అమ్మతోను ఫోనులో మాట్లాడించినప్పుడు మెత్తబడింది. అప్పటి నుంచి మా విభాగంలో ఒక్క అమ్మాయిని ఒంటరిగా ఏ పరిశ్రమకూ పంపడం లేదు. ఇద్దరో ముగ్గురో కలిసి వెళ్లేలా చూస్తున్నాం. దీనివల్ల గది అద్దె కూడా పంచుకోవచ్చు.

ఇంటి గుమ్మం దాటిన తరువాత రెండో రకం ఇబ్బంది పరిశ్రమ లోపల ఎదురవుతుంది. ఒక కర్మాగారంలో మొదటి రోజు స్టోర్సు దగ్గర సేఫ్టీ షూ ఇచ్చేటప్పుడు ఉన్నవన్నీ 7 నుంచి 10 సైజులవే. మా అమ్మాయిల కాళ్లకు 4, 5 సరిపోతాయి. షూ లేకుండా షాప్‌ఫ్లోరు మీదికి పోనివ్వకపోవడం సరైన నియమమే. అందువల్ల వాళ్లను ట్రైనింగు సెంటరు గదిలో కూర్చోబెట్టి మాన్యువల్సు చదువుకోమన్నారు. కొత్త సైజులు తెప్పించడానికి ఇండెంటు పెట్టామన్నారు. ఆ ఇండెంటు ముందుకు కదలక ముందే మొదటి వారం గడిచిపోయింది. ఎవరికీ దురుద్దేశం లేదు. ఈ చోటికి అమ్మాయిలు వస్తారని స్టోర్సు రిజిస్టరులో ఎవరూ ఊహించలేదు, అంతే. ఇప్పుడు మేము పంపే ఉత్తరంలో విద్యార్థినుల పేర్లు, రోల్ నంబర్లతోపాటు పాదాల సైజు కూడా రాస్తున్నాం. మొదట్లో దీన్ని చూసి మా కార్యాలయంలో నవ్వుకున్నారు. మరుగుదొడ్డి సంగతి కూడా అలాగే ముందుగా అడుగుతున్నాం: అది ఉందా అని మాత్రమే కాదు, పనిచేసే చోటికి ఎంత దూరంలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని. అరకిలోమీటరు దూరంలోని పరిపాలన భవనంలో ఉందంటే, ఆ అమ్మాయి రోజంతా నీళ్లు తాగకుండా గడుపుతుంది.

మూడోది మర్యాద. దీని గురించి మాట్లాడటం మరింత కష్టం, ఎందుకంటే చేసేవాళ్లు మంచివాళ్లు. ‘నువ్వెందుకమ్మా ఆ ఎండలోకి, ఏసీ గదిలో కూర్చుని ఈ ఎక్సెల్ షీటు పూర్తిచెయ్యి’ అని కూతురిలా చూసుకునే సూపర్‌వైజరు వల్ల, గదమాయించి పని చేయించే సూపర్‌వైజరు వల్ల కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. అబ్బాయిలు బయట ప్యానెలు విప్పి, కేబుల్ టెర్మినేషను చూసి, చేతులకు గ్రీజు పూసుకుని వచ్చే సమయానికి అమ్మాయిలు హాజరు పట్టీలు టైపు చేసి ఉంటారు. డైరీలో ఇద్దరూ ‘మెయింటెనెన్సు విభాగంలో శిక్షణ’ అనే రాస్తారు. అందుకే నేను డైరీల రూపం మార్చాను. ఈ రోజు ఏం చూశావు అన్న ప్రశ్న తీసివేసి, ఈ రోజు నీ చేత్తో ఏం చేశావు, ఏ పనిముట్టు వాడావు, ఏ అంకె రాసుకున్నావు అని అడుగుతున్నాను. వారం చివర ఆ గడి ఖాళీగా ఉంటే అక్కడి అధికారికి మర్యాదగా ఫోను చేస్తాను. చాలామంది వెంటనే సరిచేస్తారు. వాళ్లకు తట్టలేదు, అంతే.

చట్టం సంగతి కూడా కొంత తెలిసి ఉండాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను ఆడవాళ్లను సాయంత్రం 7 నుంచి ఉదయం 6 వరకు కర్మాగారంలో పనిచేయించకూడదని చెప్పింది. షిఫ్టుల్లో నడిచే పరిశ్రమల్లో అమ్మాయిలను ఇంజనీర్లుగా తీసుకోకపోవడానికి దశాబ్దాల పాటు ఇదొక తేలికైన కారణంగా పనికివచ్చింది. గనుల చట్టంలోనూ అలాంటి నిషేధమే ఉండగా, 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ పనులకు సంబంధించి భూగర్భ గనుల్లోనూ ఆడవాళ్లు పనిచేయడానికి షరతులతో అనుమతించింది. రాత్రి షిఫ్టుల మీద నిషేధాన్ని కూడా స్త్రీ సమ్మతి, రవాణా, భద్రత వంటి షరతులతో సడలించే దిశగానే ఇటీవలి చట్టాలన్నీ నడుస్తున్నాయి. మా విద్యార్థినులను రాత్రి షిఫ్టుకు పంపమని నేను అడగడం లేదు. శిక్షణ పగలు జరిగినా ఉద్యోగం అన్ని షిఫ్టుల్లోనూ ఉంటుందని వాళ్లకు ముందే తెలియాలి.

అంతకంటే ముఖ్యమైనది 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం. ఉద్యోగి అన్న నిర్వచనంలో ట్రైనీని, అప్రెంటిసును కూడా ఆ చట్టం చేర్చింది. జీతం ఇవ్వకపోయినా రక్షణ ఉంటుంది. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, అంతకంటే చిన్న చోట్ల ఫిర్యాదులకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. రెండు నెలలు ఉండి పోయే పిల్లకు ఇవన్నీ ఎందుకని కొందరు అంటారు. రెండు నెలలు ఉండి పోయే పిల్ల కాబట్టే ఎవరికీ చెప్పుకోదని అవతలివాళ్లు లెక్క వేస్తారు. పరిశ్రమకు వెళ్లే ముందు రోజు మా విద్యార్థినులు కమిటీ అధ్యక్షురాలి పేరు, ఫోను నంబరు కనుక్కుని డైరీ మొదటి పేజీలో రాసుకోవాలన్నది నేను పెట్టిన నియమం.

కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ), ఐటీ శాఖల అమ్మాయిల దారి వేరు. ఇంట్లో కూర్చుని కూడా నిజమైన పని చేసే అవకాశం వాళ్లకు ఉంది, నకిలీ ఇంటర్న్‌షిప్‌ల బెడద కూడా వాళ్లకే ఎక్కువ. రిజిస్ట్రేషను ఫీజు పేరుతో డబ్బు కట్టించుకుని, నెల తిరగకుండానే అందమైన సర్టిఫికెట్టు మెయిలు చేసే సంస్థల సందేశాలు మా పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరుగుతుంటాయి. పని ఇచ్చేవాడు మనకు డబ్బు ఇవ్వాలి లేదా కనీసం నేర్పాలి గాని, మన దగ్గర వసూలు చేసేవాడు పని ఇచ్చేవాడు కాదు. దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణగా నేను అవుట్రీచీ గురించి చెబుతాను. 2006లో గ్నోమ్ అనే ఓపెన్ సోర్సు (కోడు అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టుకు, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే విద్యార్థుల వేసవి ప్రోగ్రామింగు పథకం కింద వచ్చిన దరఖాస్తుల్లో ఒక్క అమ్మాయిదీ లేకపోవడం చూసి, వాళ్లు అమ్మాయిల కోసం ప్రత్యేకంగా ఒక వేసవి కార్యక్రమం పెట్టారు. అదే పెరిగి, 2015లో అవుట్రీచీ అనే పేరు తెచ్చుకుని, ఇప్పుడు ఆడవాళ్లతోపాటు సాంకేతిక రంగంలో వెనుకకు నెట్టబడిన ఇతరులకు కూడా అవకాశమిస్తోంది. మూడు నెలల పని, ఇంటి నుంచే చేయవచ్చు, ప్రతి ఒక్కరికీ మార్గదర్శకులు ఉంటారు, 7,000 డాలర్ల స్టైపెండు ఇస్తారు.

ఇందులో నాకు నచ్చిన విషయం ఎంపిక పద్ధతి. ర్యాంకు అడగరు, కళాశాల పేరు చూసి మురిసిపోరు. మొదటి దరఖాస్తు దాటినవాళ్లు ఎంచుకున్న ప్రాజెక్టులో నిజంగా కొంత పని చేసి చూపాలి: ఒక లోపం సరిచేయడమో, పత్రాలు మెరుగుపరచడమో. ఆ పని చూసి తీసుకుంటారు. ఎచ్చెర్లలో చదివినా, రాజాంలో చదివినా, కోడు చూసేవాడికి అది తెలియదు. పోటీ ప్రపంచమంతటి నుంచి ఉంటుంది కాబట్టి అందరికీ వస్తుందని ఆశ పెట్టను. కానీ ఆ దరఖాస్తు దశలోనే కోడులో చేసిన మార్పులను నమోదుచేసే గిట్ వాడటం, అపరిచితులతో ఇంగ్లీషులో రాతపూర్వకంగా మాట్లాడటం, తమ కోడు మీద వచ్చిన విమర్శకు చిన్నబుచ్చుకోకుండా జవాబివ్వడం మా అమ్మాయిలు నేర్చుకున్నారు. మన కళాశాలల సెలవులకు మే నుంచి ఆగస్టు వరకు నడిచే విడతే కుదురుతుంది. దాని దరఖాస్తులు మాత్రం సంవత్సరం మొదట్లోనే ముగిసిపోతాయి, మన పిల్లలు ఏప్రిల్‌లో మేల్కొంటారు.

మిగిలిన శాఖలవాళ్లకు విశాఖ ఒక్కటే దిక్కని అనుకోనక్కరలేదు. గరివిడి, బొబ్బిలి ప్రాంతాల్లో ఫెర్రో అల్లాయ్స్ (ఇనుప మిశ్రమ లోహాల) కొలుములు ఉన్నాయి. విద్యుత్తుతో నడిచే ఆ కొలుముల లోడు ఎలా హెచ్చుతగ్గులవుతుందో చూసిన ఎలక్ట్రికల్ విద్యార్థికి, తీసుకున్న విద్యుత్తులో ఎంత భాగం నిజమైన పనికి వస్తుందో చెప్పే పవర్ ఫ్యాక్టర్ గురించి వేరే పాఠం చెప్పనక్కరలేదు. నెల్లిమర్లలో జూట్ మిల్లు ఉంది, పైడిభీమవరంలో రసాయన, ఔషధ పరిశ్రమలు ఉన్నాయి, భోగాపురం విమానాశ్రయం వల్ల సివిల్‌వాళ్లకు కళ్లెదుటే పెద్ద పని కనిపించింది. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానం పల్లెలకు తాగునీరు అందించే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు; కిడ్నీ జబ్బులతో నలిగిపోయిన ఆ ఊళ్ల అమ్మాయిలు తమ ఊరికి వచ్చే నీటిని శుద్ధిచేసే చోటే, పంపింగు జరిగే చోటే శిక్షణ పొందడానికి అంతకంటే తగిన స్థలం ఉండదు. పరిశ్రమ దొరకని పరిస్థితుల్లో సమాజ సేవా ప్రాజెక్టు చేయవచ్చని నియమావళిలోనే ఉంది. దాన్ని మొక్కలు నాటి ఫొటో దిగే కార్యక్రమంగా మార్చకుండా, ఊరి నీటి నమూనాలు తీసి పరీక్షించడం, పాఠశాల వైరింగు తనిఖీ చేసి ఎర్తింగు కొలవడం వంటి పనులుగా మలిస్తే ఇంటి దగ్గరే ఉండి కూడా ఇంజనీరింగు చేసినట్లే.

డబ్బు గురించి చివరగా రాస్తున్నాను గాని, ఇళ్లలో అది మొదటే వస్తుంది. బీటెక్ మధ్యలో చేసే వేసవి శిక్షణకు చాలా చోట్ల స్టైపెండు ఉండదు. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు శిక్షణకు ఎదురు ఫీజు కూడా తీసుకుంటాయి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ కింద కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల రూపాయలు మించని అమ్మాయిలకు సంవత్సరానికి 50,000 రూపాయలు ఇస్తారు, ఒక కుటుంబంలో ఇద్దరి వరకు ఇస్తారు. మా విద్యార్థిని ఒకరు ఆ డబ్బులో కొంత దాచుకుని విశాఖలో హాస్టలు ఖర్చు పెట్టుకుంది. చదువు పూర్తయిన తరువాత వెంటనే ఉద్యోగం రానివాళ్లకు 1961 అప్రెంటిస్ చట్టం కింద నడిచే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం ఉంది. 2019లో సవరించిన నిబంధనలు ఇంజనీరింగు పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమావాళ్లకు 8,000 రూపాయలు నిర్ణయించాయి. ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. ఏడాది పాటు ఒక పెద్ద పరిశ్రమలో ఉండి, ప్రభుత్వ ధ్రువపత్రంతో బయటికి రావచ్చు. పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టిన ఇళ్లలో ఈ ఏడాది గడువు కొందరు అమ్మాయిలకు ఎంతగా అక్కరకు వచ్చిందో నాకు తెలుసు.

ఫలితాలు వచ్చిన వెంటనే ఆ అప్రెంటిస్‌షిప్ పథకం పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్టు, ఆధారు, బ్యాంకు వివరాలు సిద్ధంగా ఉండాలి. ఖాతా నాన్న పేరుతోనో అన్న పేరుతోనో కాక అమ్మాయి పేరుతోనే ఉండాలి, ఆధారుతో అనుసంధానం అయి ఉండాలి. లేకపోతే స్టైపెండు జమ కాక నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. ఈ ఏడాది చివరి సంవత్సరం విద్యార్థినులందరిచేత ఫిబ్రవరి లోపలే ఆ ఖాతా పని పూర్తిచేయించాలని అనుకుంటున్నాం.